ఈశాన్యం గదిలో కుట్టు మిషను

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో తణుకు దగ్గర ఊరు. నాకు 63, మావారికి 67. షుగర్ ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. పింఛను నెలకు 3,600. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీములో 2023లో చెరో ఆరు లక్షలు వేశాం. ఆ వడ్డీ, ఆ పింఛను, నేను జాకెట్లు కుడితే వచ్చే మూడు వేలు. వీటితోనే ఇల్లు గడుస్తోంది. చేతిలో ఇంకో లక్షన్నర ఉంది. అబ్బాయి బెంగళూరులో, అమ్మాయి హైదరాబాదులో ఉంటారు.

ఇల్లు 1988లో కట్టింది. తూర్పు ముఖం డాబా. మా నాన్నగారు పసుపు కుంకుమ కింద నాకిచ్చిన స్థలం. బాత్రూము, లెట్రిన్ రెండూ పెరట్లోనే ఉన్నాయి. పోయిన కార్తీకంలో చీకటితో స్నానానికి వెళ్తుంటే బండల మీద నాచుకు జారి పడ్డాను. ఎముక విరగలేదు గానీ తుంటి నొప్పి ఇంకా వదల్లేదు.

రెండేళ్ళ కిందట మా మరిది గుండెపోటుతో పోయాడు. అప్పటినుంచి మావారికి భక్తి ఎక్కువైంది. నాలుగింటికి లేస్తారు, పూజ, పారాయణ, సాయంత్రం టీవీలో ప్రవచనాలు, వీధి చివరికి వినపడేంత సౌండు. ఈమధ్య ఒక వాస్తు సిద్ధాంతి వచ్చి ఈశాన్యం గది దేవుడిదే అన్నారు. హాలుకూ ఆ గదికీ మధ్య గోడ తీసి ఆర్చి పెట్టాలట. పాలరాతి మందిరం, గంటలు చెక్కిన టేకు తలుపులు. మేస్త్రీ ఏడు లక్షలన్నాడు. తన పేరున ఉన్న ఆరు లక్షలూ తీసేద్దామంటున్నారు. నా మిషను ఆ గదిలోనే ఉంది, ఎక్కడో ఒకచోట సర్దుకుంటాను లెండి. పడగ్గది నుంచి నడిచి వెళ్ళేలా ఇంట్లో ఒక బాత్రూము కట్టిద్దామంటే ‘దేవుడికంటే బాత్రూము ఎక్కువా?’ అని అడిగారు. నోరు మూతపడింది. ఇల్లు తన పేరున రాస్తే ఐదు లక్షలిస్తానని అబ్బాయి అంటాడు, లేదా అమ్మేసి వచ్చేయమంటాడు. అమ్మాయి ఊరికే లక్ష ఇస్తానంటే కూతురి డబ్బు వద్దంటారు ఈయన.

అసలు బాధ ఇంకొకటుంది. వయసొస్తే భక్తి దానంతటదే వస్తుందన్నారు. నాకు రాలేదు. లలితా పారాయణకు వెళ్ళి కూర్చుంటే మనసు ఇంట్లో నానబెట్టిన పప్పు మీద ఉంటుంది. పూజ గదికి అడ్డు చెప్తే పాపం తగులుతుందా?

— ఒక పాఠకురాలు

జవాబు:

అక్కా, మీరు నాకంటే రెండేళ్ళు పెద్ద, అందుకని అలాగే పిలుస్తున్నాను.

మీ ఉత్తరం చదువుతూ ఒక చోట ఆగిపోయాను. మేస్త్రీ చెప్పిన రేటు రాశారు, గంటలు చెక్కిన తలుపుల గురించి రాశారు. మిషను దగ్గరికి వచ్చేసరికి ‘ఎక్కడో ఒకచోట సర్దుకుంటాను లెండి’ అని తేల్చేశారు. బావగారి పింఛను 3,600, మీ కుట్టుకూలి మూడు వేలు. రెంటికీ పెద్ద తేడా ఏముంది? ఆ ‘లెండి’ గురించి మళ్ళీ వస్తాను. ముందు నాచు సంగతి.

‘దేవుడికంటే బాత్రూము ఎక్కువా?’ అన్నదానికి మీరు జవాబు వెతక్కండి, ఆ ప్రశ్నే సరిగ్గా లేదు. బావగారు రోజూ నాలుగింటికి లేచి దేవుడి దగ్గరికి వెళ్ళేది ఏ దారిన? పెరటి బండల మీదుగానే. మీరు ఏ బండ మీద పడ్డారో, తడి పంచెతో ఆయన నడిచొచ్చేదీ దాని మీదనుంచే. 67 ఏళ్ళ మనిషికి తుంటి విరిగితే మందిరం ముందు కూర్చోవడం మాట దేవుడెరుగు, మంచం మీద ఒత్తిగిలడానికే ఇంకొకరు కావాలి. ‘మీరు జారకుండా దేవుడి దగ్గరికి వెళ్ళాలనే అడుగుతున్నాను’ అని చెప్పండి. ఇది ఆయన్ని గెలవడానికి నేర్పుతున్న మాట కాదు. మీరు అడుగుతున్నది నిజంగా అదే, మీకే అలా తోచలేదు.

సిద్ధాంతిగారితో తగువు పెట్టుకోకండి. ఆయన మాటలోనే మీ పని కూడా ఉంది. ఇల్లు తూర్పు ముఖమంటే పెరడు పడమర. వెనక వసారా ఉంటే దాని ఉత్తరపు కొస వాయవ్యం. మరుగుదొడ్డికి వాయవ్యం పనికొస్తుందని వాస్తు చూసేవాళ్ళలో చాలామంది ఒప్పుకుంటారు. సిద్ధాంతిగారు మళ్ళీ వచ్చినప్పుడు కాఫీ ఇచ్చి, ‘వాయవ్యంలో బాత్రూముకు ఏమైనా దోషముందా అండీ?’ అని బావగారి ఎదుటే అడగండి. మీరు చెప్తే అది వాదన, ఆయన చెప్తే శాస్త్రం. పాత సెప్టిక్ ట్యాంకు పెరట్లోనే ఉంది కాబట్టి పైపు లాగే ఖర్చూ తక్కువ.

ఇక బాత్రూము. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే నాలుగేళ్ళ కిందట నేను కట్టించుకుని దెబ్బతిన్నాను. మేస్త్రీ వాటం తలుపు వైపు పెట్టాడు. స్నానం చేస్తే నీళ్ళు జాలీలోకి పోకుండా గడప దాటి పడగ్గదిలోకి వచ్చేవి. అడిగితే ‘వైపర్ పెట్టుకోండమ్మా’ అన్నాడు. టైల్సు అతికించిన మర్నాడే ఒక బకెట్ నీళ్ళు కుమ్మరించి చూసుంటే ఆ రోజే తెలిసేది. నేను గృహప్రవేశానికి చేసినంత సంబరంగా పసుపు కుంకుమలు పెట్టాను గానీ నీళ్ళు పోసి చూడలేదు. మీరు మేస్త్రీకి చివరి ఇరవై వేలు ఇచ్చేముందు బకెట్ పట్టుకుని నిలబడండి. కింద వాటర్‌ప్రూఫింగ్ చేశాక, టైల్సు వేయకముందు, నీళ్ళు కట్టి రెండు రోజులు ఉంచమనండి. గోడ అవతల చెమ్మ దిగకపోతేనే టైల్సు.

తలుపు మూడడుగుల వెడల్పు పెట్టించండి. మామూలుగా బాత్రూముకు రెండున్నర పెట్టేస్తారు, రేపు వాకర్‌తో వెళ్ళాల్సొస్తే అందులో పట్టదు. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపుకు ఆ మనిషే అడ్డం అవుతారు, బయటివాళ్ళు తోసేకొద్దీ పడినవాళ్ళకే తగులుతుంది. గడియ కూడా అవసరమైతే బయటినుంచి నాణెంతో తిప్పి తీసేలాంటిది దొరుకుతుంది. గడప అసలు వద్దు. గదికంటే బాత్రూము నేల అరంగుళం కిందికి ఉండి, వాటం సరిగ్గా ఉంటే చాలు. మెరిసే టైల్సు చూపిస్తారు షాపులో, మీ మొహం కూడా కనపడుతుంది వాటిలో. గరుకువే తీసుకోండి, అదీ చిన్న సైజువి. టైలు చిన్నదైతే జాయింట్లు ఎక్కువ, కాలికి పట్టు ఎక్కువ. కమోడు సీటు నేలనుంచి 18 అంగుళాలు ఉంటే మోకాళ్ళకు హాయి. దాని పక్కన ఒకటి, స్నానం చేసేచోట ఒకటి స్టీలు రాడ్లు గోడలోకి గట్టిగా బిగించమనండి. తువ్వాలు వేసుకునే రాడ్డు చాల్లే అంటాడు మేస్త్రీ. మా ఎదురింటి పెద్దాయన దాన్నే పట్టుకున్నారు. ఆయనా రాడ్డూ కలిసి కిందికొచ్చారు. స్నానానికి ఒక ప్లాస్టిక్ స్టూలు, గీజరు స్విచ్చి గది బయట, మంచం నుంచి తలుపు దాకా నేల మీద పడే చిన్న లైటు. ఇంతే.

అయితే వీటన్నిటికంటే ముందు తలెత్తి స్లాబు చూడండి. 1988 నాటి డాబా అంటే దానికీ వయసొచ్చింది. ఎక్కడైనా పెచ్చులూడి తుప్పు పట్టిన చువ్వలు కనపడుతున్నాయా? వానాకాలంలో మరక పెరుగుతోందా? కర్రతో కింద కొడితే డొల్లగా మోగుతోందా? మోగితే పైన సున్నం పూసి, కింద పుట్టీ పెట్టి రంగేయడం మసిపూసి మారేడుకాయ చేయడమే. వదులైన పెచ్చంతా రాల్చి, చువ్వల తుప్పు గీకి, తుప్పు ఆపే కోటింగ్ వేసి, ఆ తర్వాత మసాలా పట్టించాలి. చువ్వ మరీ సన్నబడిపోతే ఆ మాట ఇంజనీరే చెప్పాలి.

ఇంజనీరు మాట ఊరికే అనలేదు. ఆ కాలంలో మన ఊళ్ళలో చాలా డాబాలు పిల్లర్లు లేకుండా తొమ్మిదంగుళాల ఇటుక గోడల మీదే కట్టారు. స్లాబు బరువంతా ఆ గోడలదే. హాలుకూ ఈశాన్యం గదికీ మధ్య గోడ అలాంటిదైతే, ఆర్చి కోసం దాన్ని కొట్టడమంటే నెత్తిమీద కప్పును గాల్లో నిలబెట్టడమే. ‘కింద బీము వేసేస్తాం లెండి’ అని మేస్త్రీలు తేలిగ్గా అంటారు. ఆ బీము దేనిమీద కూర్చుంటుంది, ఎంత ఇనుము, కొట్టేటప్పుడు స్లాబుకు ఎక్కడెక్కడ పోట్లు పెట్టాలి, ఇది చూడాల్సింది సివిల్ ఇంజనీరు. తణుకులోనో భీమవరంలోనో ఒకరిని పిలిచి ఫీజిచ్చి చూపించండి. ఆయన వద్దంటే ఆ గోడ గొడవ అక్కడితో తీరిపోతుంది, మీరు వద్దన్నట్టూ ఉండదు.

డబ్బు సంగతి. 2023 ఏప్రిల్ నుంచి ఆ స్కీములో వడ్డీ 8.2 శాతం. మీరు వేసింది ఆ తర్వాతే అయితే ఆరు లక్షల మీద మూడు నెలలకు 12,300 వస్తోంది, అంటే నెలకు 4,100. బావగారి పింఛను 3,600. ఆయన అకౌంటు మూసేస్తే ఒక పింఛను కంటే ఎక్కువే ఆగిపోయినట్టు. అందులోంచి కొంత తీసుకుని కొంత ఉంచడం కుదరదు, తీస్తే మొత్తం మూసేయాలి. రెండేళ్ళు దాటి ఐదేళ్ళ లోపు మూస్తే అసలులో ఒక శాతం, అంటే ఆరు వేలు కోస్తారు. అదే 2028లో గడువు తీరాక అయితే కోతే లేదు. భద్రాచలం రామదాసు కూడా సర్కారు డబ్బుతో గుడి కట్టించి, గోల్కొండ ఖైదులో కూర్చుని నగకింత, ప్రాకారానికింత అని రాముడికే లెక్క అప్పజెప్పాడు. ఆయన బాకీ తీర్చడానికి రాముడే స్వయంగా వచ్చాడంటారు. మన కరెంటు బిల్లు కట్టడానికి వస్తాడో రాడో.

ఈ లెక్క మీరు నోటితో చెప్పకండి. ముప్పై ఏళ్ళు లెడ్జర్లు రాసిన మనిషాయన. ఒక కాగితం, పాస్‌బుక్కు, పెన్ను ముందు పెట్టి ‘ఇది తీసేస్తే నెలకెంత తగ్గుతుందో ఒకసారి వేయండి’ అనండి. ఆయన చేత్తో ఆయన వేసిన అంకెతో ఆయన వాదించలేరు.

బాత్రూముకు మాత్రం మీ చేతిలో ఉన్న లక్షన్నర, అమ్మాయి లక్ష కలిస్తే చాలావరకు సరిపోవాలి, స్లాబు మరీ పాడవకపోతే. కూతురి డబ్బు వద్దనడం మన ఇళ్ళలో పాత పట్టింపు, నాకు తెలుసు. మా నాన్నా అంతే. కానీ ఇక్కడ చూడండి, ఏ షరతూ లేకుండా ఇస్తానంటున్నది ఆ పిల్లే. తీసుకోలేకపోతే చేబదులు అనుకోండి, ఆ వడ్డీలోంచి నెలకింత తీర్చండి. పుచ్చుకోదు, అది వేరే సంగతి.

అబ్బాయి మాట. వాడు చెడ్డవాడని నేననడం లేదు. ఐదు లక్షలకు ఇల్లు రాయించుకోవడం దొంగతనం అని కూడా వాడికి తోచి ఉండదు, ‘ఎలాగూ మాదే కదా’ అనుకుంటారు ఈ పిల్లలు. కానీ అక్కా, ఆ స్థలం మీ నాన్నగారు మీకిచ్చింది. పత్రం మీ పేరున ఉంటే సంతకం మీది. ఎప్పుడైనా రాయాలనే అనిపిస్తే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఒకటుంది. మిమ్మల్ని చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి, వాళ్ళు చూసుకోకపోతే, ట్రిబ్యునల్‌కు వెళ్ళి ఆ బదిలీ రద్దు చేయించుకోవచ్చు. కాబట్టి ఆ షరతు దస్తావేజులోనే ఉండాలి, నోటిమాట కాదు. వకీలుకు చూపించకుండా బాత్రూము కోసం ఇల్లు రాసివ్వడం మాత్రం వద్దు. అమ్మేసి బెంగళూరు వెళ్ళే మాట ఇప్పుడు అసలే వద్దు.

ఇప్పుడు బావగారు. తమ్ముడు పోయాక ఈ భక్తి మొదలైందని మీరే రాశారు, రాసి పక్క వాక్యంలోకి వెళ్ళిపోయారు. నేను వెళ్ళలేకపోయాను. తనకంటే చిన్నవాడు, గుండెపోటు. ఆ రోజునుంచి ఆయన నాలుగింటికి లేస్తున్నారు. అంత పొద్దున్నే మెలకువ రావడం భక్తి వల్లే అయి ఉండవచ్చు, నిద్ర పట్టక కూడా కావచ్చు. ఒకసారి బీపీ, షుగరు, గుండె చూపించండి, ‘నాకు చూపించుకోవాలి, తోడు రండి’ అని తీసుకెళ్ళి ఆయనకూ చేయించండి. చెవులు కూడా. టీవీ వీధి చివరికి వినపడేలా పెట్టుకునేవాళ్ళు చాలామందికి అవతలివాళ్ళ మాట సగమే వినిపిస్తుంటుంది, పైకి చెప్పరు. మీరిద్దరూ ఈమధ్య ఎక్కువగా గొంతులు పెంచుకుంటున్నారా? అందులో కొంత చెవులదే అయి ఉంటుంది.

ఇంకొకటి నాకనిపించింది. ముప్పై ఏళ్ళు ఒక టేబులు, ఒక కుర్చీ, తనకంటూ ఒక సొరుగు ఉన్న మనిషి. క్రషింగ్ సీజన్లో భోజనానికి కూడా తీరిక లేకుండా పనిచేసినవాడు. రిటైరయ్యాక ఆ ఇంట్లో ఆయన కూర్చునే చోటేది? హాల్లో టీవీ ముందు, అదీ మీరు ఊడ్చేటప్పుడు కాళ్ళు పైకెత్తుతూ. ఇప్పుడు ఆయనకు మళ్ళీ ఒక వేళ, ఒక పని, ఒక స్థలం దొరికాయి. పాలరాయి కాదు ఆయనకు కావలసింది, తలుపేసుకుని కూర్చోగల చోటు. పొరపాటు పడుతున్నానేమో, మీకే బాగా తెలుస్తుంది. కానీ మందిరం ఖర్చు తగ్గించమని అడిగేటప్పుడు ఆ చోటు తీసేస్తున్నట్టు వినపడకుండా చూసుకోండి.

ఆ చోటు ఈశాన్యం గదిలోనే ఇవ్వండి. గది మొత్తం కాదు, ఈశాన్య మూల. మన చిన్నప్పుడు ఎన్ని ఇళ్ళల్లో వేరే పూజ గది ఉండేది? వంటింటి గోడలో ఒక గూడు, లేకపోతే అలమరలో ఒక అర, దానికో చిన్న తెర. ఆ గూట్లో దేవుడే పెళ్ళిళ్ళూ పురుళ్ళూ అన్నీ చూశాడు. నాలుగడుగుల వెడల్పున తలుపులున్న ఒక చెక్క మందిరం చేయించండి, గంటలు కావాలంటే ఆ తలుపులకే చెక్కించుకోమనండి. దీపం పెట్టే అర కింద గ్రానైటు పలక ఉండాలి, పైన ఉత్త చెక్క ఉంటే సెగకు నల్లబడుతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది కూడా. నేలకు మాత్రం పాలరాయి వద్దేవద్దు. దీపంలో పోసే నూనె రెండు చుక్కలు పడితే అది పెరటి నాచు కంటే అన్యాయం.

మందిరం ఎత్తు కుర్చీలో కూర్చున్న మనిషికి సరిపోయేలా పెట్టించండి. ఆయన ఒప్పుకోరని నాకు తెలుసు. మా నాన్న 74వ ఏట మోకాళ్ళు పట్టేసినా పీట మీదే కూర్చునేవారు. దేవుడి ముందు కుర్చీలోనా అని మమ్మల్ని కసిరేవారు. లేవడానికి పీట పట్టుకుని, గోడ పట్టుకుని, చివరికి మా అమ్మ భుజం పట్టుకుని లేచేవారు. ఒకరోజు గుడిలో అభిషేకం జరుగుతుంటే అర్చకస్వామి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ‘కూర్చోండి మాస్టారూ’ అని వేశారు. కూర్చున్నారు. ఇంటికొచ్చి ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున చూస్తే డైనింగ్ టేబులు దగ్గరి కుర్చీ ఒకటి దేవుడి ముందుంది, దాని మీద మడత పెట్టిన పంచె వేసి ఉంది. చెప్పేవాళ్ళు చెప్తే వింటారు, అదీ సంగతి. మీ ఊరి పూజారిగారితో ఒక మాట చెప్పి ఉంచండి.

మరి మీ మిషను? అదే గదిలో తూర్పు కిటికీ దగ్గర, ఎక్కడుందో అక్కడే. ఆయన పూజ నాలుగున్నర నుంచి ఆరు. మీ కుట్టు ఎండ కిటికీలోకి వచ్చాక. మందిరం తలుపులు మూసేస్తే గది మీది. షిఫ్టులు ఆయనకు కొత్తేం కాదు. గుడ్డ ముక్కలు కింద పడతాయి, అపచారం అంటారేమో. సాయంత్రం ఊడ్చి దీపం పెడతానని ఒప్పుకోండి. కానీ మిషను జరపడానికి ఒప్పుకోకండి. మీకు 63, సూదిలో దారం ఎక్కించాలంటే వెలుతురు కావాలి. ట్యూబులైటు కింద నల్ల జాకెట్టుకు హెమ్మింగు చేసి చూశారా ఎప్పుడైనా?

ఇక పాపం. నేను పురోహితురాల్ని కాదు, నాకు తోచింది చెప్తాను. బావగారు రోజూ పూజ మొదలుపెడుతూ నీళ్ళు చల్లుకుని ‘అపవిత్రః పవిత్రో వా’ అని చదువుతారు కదా. ఏ స్థితిలో ఉన్నా సరే, తలుచుకుంటే లోపలా బయటా శుచి అవుతారనే దాని అర్థం. ఒంట్లో బాగాలేనివాళ్ళకు మంత్రస్నానం చాలని కూడా శాస్త్రాల్లో ఉంది. తుంటి నొప్పితో ఉన్న మనిషి కార్తీకంలో చన్నీళ్ళు పోసుకోకపోతే వచ్చే దోషం ఆ శాస్త్రం కూడా రాయలేదు.

భక్తి రాలేదన్నారు. రాకపోతే రాలేదు. తెల్లజుట్టు వచ్చినట్టు అందరికీ ఒకే వయసులో వచ్చేది కాదది. నాకు యాభై ఎనిమిదో ఏట ఒకసారి బాగా వచ్చింది, రెండేళ్ళుండి తగ్గింది. ఇప్పుడు గుడికెళ్తే సగం పులిహోర కోసమే వెళ్తాను, ఆ మాట చెప్పుకోవడానికి మొదట్లో సిగ్గేసేది. పారాయణలో కూర్చుని పప్పు గురించి ఆలోచించేవాళ్ళు మీరొక్కరే అనుకుంటున్నారా? పక్కనున్నావిడ ఏం ఆలోచిస్తోందో ఎవరు చూశారు! వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి, నలుగురిలో కూర్చున్నట్టుంటుంది. లేకపోతే మానండి. మిషను దగ్గర కూర్చున్నప్పుడు మనసు కుదుటపడుతుందంటే అది చాలు. అదే మీ పూజ అని మాత్రం నేననను. అలా అంటే బావగారు దానికీ ఒక ముహూర్తం పెట్టిస్తారు.

ఆయనకు మీ భక్తి అక్కర్లేదు, తోడు కావాలి. పూజయ్యాక ఆరింటికి ఆయన ఇచ్చే తీర్థం తీసుకుని, ఇద్దరూ ఆ కిటికీ దగ్గరే కాఫీ తాగండి. ఆయన షిఫ్టు అయిపోయింది, మీది మొదలవుతుంది, మధ్యలో పావుగంట.

పని మాఘమాసంలో మొదలుపెట్టుకోండి. వానలు తగ్గి ఉంటాయి, గోడలు ఆరతాయి, మంచిరోజులకూ ఇబ్బంది ఉండదు, ఉగాది లోపు బాత్రూము తేలిపోతుంది. అప్పటిదాకా ఆగలేని పని ఒకటుంది. ఈ ఆదివారమే ఎవరినైనా పిలిచి పెరటి బండల మీద బ్లీచింగు చల్లి, గట్టి బ్రష్షుతో నాచు గీకించండి. వసారా చివర ఒక ఎల్‌ఈడీ బల్బు పెట్టించండి, స్విచ్చి మంచం దగ్గర ఉండాలి. రాత్రిపూటకు గదిలోనే వాడుకునే కమోడు కుర్చీ సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది, మొహమాటపడకుండా ఒకటి తెప్పించుకోండి. తుంటి నొప్పి ఇన్నాళ్ళు ఉండకూడదు, ఎక్స్‌రే తీయించారా లేదా రాయలేదు మీరు. తీయించకపోతే సోమవారం పొద్దున్నే వెళ్ళండి. స్లాబు కొట్టి చూశాక ఎలా మోగిందో నాకు రాయండి.